గాలి వాయవ్యం నుంచి

రాత్రి పదకొండుకి డ్యూటీ.
మాంట్రియల్ విమానాశ్రయం పక్కన పాత ఆఫీసు,
టెలిటైప్ కటకటమంటూ
ఇంగ్లీషు వాతావరణాన్ని కక్కుతూ ఉండేది.
నేను దాన్ని ఫ్రెంచిలోకి తోడిపోసేదాన్ని.

ఆకాశం మేఘావృతం. సాయంత్రానికి తెరిపి.
గాలి వాయవ్యం నుంచి, గంటకి ముప్పై.
ఆకాశం మేఘావృతం. సాయంత్రానికి తెరిపి.
రుబ్బిన పిండే రుబ్బడం, తెల్లవార్లూ.

ఫెర్నాన్ మూడు నెలలున్నాడు. హుగెట్ అయిదు.
పోతూ పోతూ హుగెట్ అంది:
"కలలో కూడా గాలి వాయవ్యం నుంచే వీస్తోంది, సొలాంజ్."
నేను పోలేదు.
ఇంటద్దె ఉంది. మొండితనం కూడా ఉందేమో.

అప్పుడొచ్చాడు యూనివర్సిటీ నుంచి ఒమేర్,
సన్నటి కుర్రాడు, కోటు జేబులో పంచ్ కార్డుల కట్ట.
"మేడం, మీ మాటలన్నీ నాకిస్తారా"
అప్పు అడిగినట్టు అడిగాడు.

అతనే చెప్పాడు:
యాభైల్లో అమెరికాలో ఒక యంత్రం
గుప్పెడు రష్యన్ వాక్యాల్ని ఇంగ్లీషు చేస్తే
పేపర్లన్నీ పండగ చేసుకున్నాయట.
ఇంకో అయిదేళ్లు, ఆ తర్వాత అనువాదకులతో పనే లేదన్నారట.
పన్నెండేళ్లకి ఒక కమిటీ కూర్చుని
లెక్కలు చూసి, డబ్బు సంచి మూతి బిగించేసిందట.
"వాళ్లు సముద్రం తాగబోయారు మేడం.
మనం వానచుక్కతో మొదలెడదాం."

ఇచ్చాను.
ఏ మాట ఆడది, ఏది మగది,
ఏ విశేషణం ముందు నడుస్తుంది, ఏది వెనక.
ఒక సాయంత్రం ఒక్క మాట దగ్గర ఆగిపోయాం.
కింద పడ్డ మంచుని గాలి లేపి
మళ్లీ మొహాన కొడుతుందే, దాన్ని మేం పుద్రెరీ అంటాం.
పారిస్ నిఘంటువు తీశాడు ఒమేర్,
అందులో పుద్రెరీ అంటే మందుగుండు కార్ఖానా!
నవ్వి, కార్డు మీద మా అర్థమే పొడిచాడు.
ఆ రంధ్రంలోంచి చూస్తే
బడికెళ్లే నాకు మఫ్లరు చుడుతూ అమ్మ కనిపించింది.

యంత్రం వచ్చాక
నా రాత్రంతా దానికి నాలుగు నిమిషాలు.
ఏడ్చావా అని అడుగుతారు అందరూ.
ఏడవలేదు. ఇంటికెళ్లి నిద్రపోయాను, పదిగంటలు.

నాకు నచ్చింది మరొకటి.
అంతుపట్టని వాక్యం వస్తే
అది పక్కకి తోసి నా బల్ల మీదికి పంపేది.
అచ్చుతప్పులు,
ఏ మారుమూల తీరంలోనో విసిగిపోయిన ఉద్యోగి
"ఇవాళ ఆకాశానికి మతి చెడింది" అని కొట్టినవి.
తెలియదు అనడానికి దానికి నామోషీ లేదు.
పదకొండేళ్ల కాపురంలో
ఆ మాట నేను ఒక్కసారీ వినలేదు.

ఇప్పుడు నాకు ఎనభై ఆరు.
పోయినేడు తలలో నరం చిట్లి
ఇంగ్లీషంతా కొట్టుకుపోయింది, ఫ్రెంచి మిగిలింది.
నన్ను చూసుకునే మారివిక్‌ది ఇలోయిలో,
ఫ్రెంచి ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది.
మా మధ్య దాని ఫోను.
కోట్ల పుటలు మింగిందట అది.

నిన్న కిటికీ చూపించి అన్నాను: పుద్రెరీ.
ఫోను తడుముకోలేదు.
తియ్యటి గొంతుతో ఏదో చెప్పింది.
మారివిక్ మొహం పాలిపోయింది,
రెండు చేతులూ గాల్లోకి విసిరి "బూమ్?" అంది.

దగ్గొచ్చేదాకా నవ్వాను.
దాని చెయ్యి పట్టుకుని లేచి
కిటికీ రెక్క రెండు వేళ్లంత తెరిచాను.
సూదుల్లాంటి మంచు ఇద్దరి మొహాలకీ.
ఇదీ, అన్నాను.
పెదవి మీద కరిగినదాన్ని చప్పరించి
మారివిక్ తన భాషలో ఒక మాట అంది.
తెలియదన్నట్టు తలూపాను.
మళ్లీ అంది, ఈసారి నిదానంగా.

ఫోను మంచం మీదే ఉంది.
గాలి ఈశాన్యం నుంచి,
నలభై దాటి ఉంటుంది.